మూడు బయానాల గణపతి

ఆ పొద్దున కొండల్ పెట్టుకున్న పని చాలా చిన్నది. ఇల్లు చేరగానే కాళ్ళు కడుక్కుని చాయ్ తాగాలి, అరుగు మీద కూర్చుని జానెడు గణపతులకు మట్టి కలపడం మొదలుపెట్టాలి. బావ కాలు విరగ్గొట్టుకుంటే నాట్లకు సాయంగా చెల్లెలి ఊరికి పోయి మూడు వారాలు అక్కడే చిక్కుకుపోయాడు. ఆషాఢం చివరికొచ్చింది. ఎమర్జెన్సీ ఎత్తేసిన మరుసటి ఏడు అది. ఊరంతా కాస్త ధైర్యంగా ఊపిరి పీలుస్తోంది, కొండల్ తప్ప.

ధూల్‌పేట్‌లో కొండల్‌ది మూడు తరాలుగా గణపతులు చేసే ఇల్లు. తాత నిలువెత్తు గణపతులు చేశాడు. తండ్రి నడుమెత్తు గణపతులు చేశాడు. కొండల్ జానెడు గణపతులు చేస్తున్నాడు. పనితనం తగ్గి కాదు, భయం పెరిగి. చిన్నది అమ్ముడుపోకపోతే బాధ కూడా చిన్నగానే ఉంటుందని అతని లెక్క. అదీ ముందుగా బయానా డబ్బు ఇచ్చినవాళ్ళకే చేస్తాడు, ఒక్కటి కూడా ఎక్కువ చేయడు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అన్న సామెత రోజుకొకసారైనా అతని నోట వస్తుంది. పొద్దున లేస్తే అడుసు తొక్కి బతికే మనిషికి ఆ సామెత ఎలా నచ్చిందో అతని భార్య రుక్మాబాయికి ఇప్పటికీ అర్థం కాలేదు.

తలుపు తోసి లోపలికి అడుగు పెట్టబోయిన కొండల్‌కు ముందుగదిలో రెండు మోకాళ్ళు కనిపించాయి. మట్టి మోకాళ్ళు. ఒక్కొక్కటి నీళ్ళ బిందె అంత ఉంది. తల పైకెత్తితే బొజ్జ, ఇంకా ఎత్తితే తొండం, ఆ పైన కిరీటం దూలానికి నాలుగు వేళ్ళ కిందికి వచ్చి ఆగింది. పక్కన నిచ్చెన మీద నిలబడి రుక్మాబాయి గణపతి చెవికి మట్టి మెత్తుతోంది. మొగుడిని చూసి, ప్రయాణం ఎట్లా సాగింది, ఆడబిడ్డ మంచిగున్నదా అని తీరిగ్గా అడిగింది.

"ఏందే ఇది?" అన్నాడు కొండల్.

"గణపతి."

"అది నాకు గూడ తెలుస్తున్నది. ద్వారం జూసినవా? ఇది ద్వారంలకెళ్లి ఎట్ల పోతది?"

"పోదు. కొనేటోడు వచ్చినంక గోడ తీస్తం. అప్పుడు గోడ మల్ల కట్టనీకి పైసలు గూడ ఉంటయి గదా."

"కొనేటోడు రాకుంటే?"

"రాకుంటే గోడ తీసే పనే లేదు. ఎటు జూసినా ఫికర్ లేదు."

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది నీ యవ్వారం అని కొండల్ నెత్తి పట్టుకున్నాడు. అప్పుడే అతనికి అసలు అనుమానం వచ్చింది. ఇంత మట్టి, ఇంత గడ్డి, ఇన్ని వెదురు బొంగులు ఊరికే రావు. ఇంటి మీద పెంకులు మార్చాలని రెండేళ్ళుగా కూడబెట్టిన డబ్బు ఒకటి ఉంది. వాన పడితే ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ నేల మీదే ఉంటాయి, వంటకు ఒక్కటీ మిగలదు. ఆ డబ్బు ఏదని అడిగితే రుక్మాబాయి నిచ్చెన మీది నుంచే గణపతి బొజ్జ చూపించి, భద్రంగా అందులోనే ఉందని చెప్పింది.

కొండల్ చాయ్ తాగలేదు. గణపతి పాదాల దగ్గర కూర్చుని రాబోయే కష్టాలన్నీ వరసగా తలుచుకున్నాడు. ఇంత పెద్ద విగ్రహం కొనేవాడు రాడు. పెంకుల డబ్బు పోయినట్టే. అంతటితో అయిపోదు. కళ్ళు పెట్టిన గణపతిని పగలగొట్టకూడదు, మూల పెట్టి మరిచిపోకూడదు. చవితి దాటి ఇంట్లో ఉండిపోతే మళ్ళీ చవితి దాకా రోజూ నైవేద్యం పెట్టాలి. ఇంత ఒళ్ళున్న దేవుడికి రెండు కుడుములు పెట్టి సరిపెడితే బాగుంటుందా? పైన కారే ఇల్లు, ముందుగది నిండా ఆకలితో ఉన్న దేవుడు.

రుక్మాబాయిది వేరే లెక్క. చేసింది మంచిగా ఉంటే కొనేవాడు దారి అడుక్కుంటూ వస్తాడని ఆమె నమ్మకం. ఆ నమ్మకానికి ఆధారం ఏమిటంటే చెప్పలేదు గానీ, మామగారు చేసిన పెద్ద గణపతులను పెళ్ళైన కొత్తలో చూసిన కళ్ళు ఆమెవి. మొగుడి చేతుల్లో కూడా ఆ పనితనం ఉందనీ, మనసు మాత్రం జానెడు దగ్గర ఆగిపోయిందనీ ఆమె దిగులు. ఇంటి వెనక గల్లీని ఆనుకుని ఎల్లమ్మ అనే పెద్దావిడ పాత బర్రెల కొట్టం ఉంది. రంగులు ఆరబెట్టడానికి పనికొస్తుందని ఎన్నిసార్లు చెప్పినా కొండల్ అటు పోడు. పెళ్ళినాడు అందులో ఒక పాము కుబుసం చూశాడట. ఆ పాము ఇన్నాళ్ళు అక్కడే ఉంటుందా అంటే, పాములకు ఆయుష్షు ఎక్కువ అంటాడు.

విచిత్రంగా రుక్మాబాయి మాటే నిజమైంది. శ్రావణం మొదటి వారంలో చాంద్రాయణగుట్ట నుంచి శివయ్య వచ్చాడు. సర్కారు కార్ఖానాలో ఫిట్టరు, వాళ్ళ బస్తీ గణపతి కమిటీకి పెద్ద. జానెడు గణపతి కోసం వచ్చినవాడు ముందుగదిలోకి చూసి చెప్పులు విప్పి దండం పెట్టాడు. మాకు ఇదే కావాలన్నాడు. మా వాళ్ళంతా కార్ఖానావాళ్ళు కాబట్టి ఒక చేతిలో పాశం బదులు పానా పెట్టిస్తే బోల్టులు బిగించేవాళ్ళందరూ సంతోషిస్తారని కూడా అడిగాడు.

ఆ గల్లీలో బయానాకు ఒక పద్ధతి ఉంది. కొనేవాడు తమలపాకులో వక్క, బయానా డబ్బు పెట్టి గణపతి అరచేతిలో ఉంచాలి. చేసినవాడు అక్కడి నుంచి తీసుకోవాలి. దేవుడి చేతి మీదుగా కుదిరిన బేరం కనుక ఆ తర్వాత ధర పెంచడానికి లేదు, ఇంకొకరికి అమ్మడానికి లేదు. మాట తప్పినవాడి దగ్గర మళ్ళీ ఎవరూ మట్టి పిల్లిని కూడా కొనరు. శివయ్య నిచ్చెనెక్కి బయానా పెట్టాడు, కొండల్ నిచ్చెనెక్కి తీసుకున్నాడు. రుక్మాబాయి ఆ పూట పాయసం చేసింది.

పాయసం అరగక ముందే కొండల్‌కు భయం పట్టుకుంది. చాంద్రాయణగుట్ట ఇక్కడా ఎక్కడా? మధ్యలో మూసీ ఉంది. చవితికి ముందు గట్టి వాన పడితే లారీ పురానాపూల్ వంతెన దాటుతుందా? బయానా చిన్నది, పోతే పోనీ అని శివయ్య రాకపోతే పెంకుల సంగతేమిటి? ఇలా నాలుగు రోజులు తనలో తానే మథనపడుతుండగా నయాపూల్ నుంచి బట్టల వ్యాపారి బాలకిషన్ వచ్చాడు. విగ్రహం మీద కన్నేసి జేబులో చెయ్యి పెట్టాడు. రుక్మాబాయి అప్పుడు మట్టి తొక్కడానికి ఎల్లమ్మను పిలుచుకురావడానికి పోయింది. కొండల్ ఒక్క క్షణం ఆలోచించాడు. బాలకిషన్‌ది సొంత దుకాణం, నాలుగు బండ్లు కుదుర్చుకోగలడు. శివయ్య రాకపోతే ఈయన ఉంటాడు. దీన్ని మోసం అనరు, ముందుజాగ్రత్త అంటారు. నిచ్చెన తనే జరిపి పెట్టాడు.

బాలకిషన్ వెళుతుండగా రుక్మాబాయి గల్లీ మొదట్లో ఎదురైంది. ఇంటికొచ్చి సేటు ఏమన్నాడని అడిగితే, మస్తు నచ్చింది గానీ ఇంకొకరికి మాటిచ్చేశామని చెప్పి పంపించానన్నాడు కొండల్. రుక్మాబాయి చాలాసేపు ఆ దారి వైపే చూసింది.

"పాపం, ఉట్టి చేతులతోని పోయిండు" అంది.

ఇద్దరు ఉన్నారు కదా అని కొండల్ ఊరుకున్నాడా అంటే, లేదు. వ్యాపారి బుద్ధి వ్యాపారిదే, ఇంకోచోట నాలుగు రూపాయలు తక్కువకు దొరికితే బయానా వదులుకుంటాడని కొత్త భయం మొదలైంది. పైగా నయాపూల్ కూడా మూసీ మీదే ఉంది. అందుకని పాడిబర్రెల మొగులయ్య వచ్చి అడిగినప్పుడు కొండల్‌కు దేవుడే పంపినట్టు అనిపించింది. మొగులయ్య దొడ్డి మూసీకి ఇవతలే ఉంది, బండి సొంతం, వాన వస్తే బర్రెలకు ఇంకా ఉషారు. మూడో బయానా కూడా గణపతి చేతిలో పడింది. ఈయనను కూడా తిప్పి పంపానని ఇంట్లో చెబితే రుక్మాబాయి మళ్ళీ అయ్యో పాపం అంది. ఆ రాత్రి అన్నం తింటూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు వేళ్ళు మడిచింది. కొండల్ అది గమనించలేదు. అతని లెక్కలు అతనికున్నాయి.

బాలకిషన్ తన దుకాణం కలిసి రావాలని గణపతి చేతిలో గజం కట్టె అడిగాడు. మొగులయ్య పాలచెంబు అడిగాడు. బయానా తీసుకున్నాక కాదనడం ఎట్లా? కొండల్ ఒక పొద్దున లేచి, గణపతి కలలో కనిపించి అంకుశం బదులు గజం కట్టె కావాలన్నాడని చెప్పాడు.

"గణపతి బట్టల దుకాణం ఎప్పుడు వెట్టిండు?" అంది రుక్మాబాయి.

అంకుశం ఏనుగును పొడిచేది, దాన్ని ఏనుగు చేతికే ఇవ్వడం న్యాయం కాదని కొండల్ వాదించాడు. మూడు రోజుల తర్వాత మళ్ళీ కల వచ్చింది. ఈసారి లడ్డు తీసేసి పాలచెంబు పెట్టాలి. లడ్డు తీస్తే దేవుడు ఏం తింటాడని ఆమె, పాలు తాగుతాడని అతను. చివరికి రుక్మాబాయి మట్టి పిసికి చెంబు చేసింది. చేస్తూ చేస్తూ లోలోపల మురిసిపోయింది. పెద్ద గణపతిని చూసి కస్సుమన్న మనిషికి ఇప్పుడు కలలో కూడా గణపతే వస్తున్నాడు. భయం పోయి భక్తి వచ్చిందనుకుంది.

ఈలోగా ఇంట్లో వస్తువులు తగ్గడం మొదలైంది. బండెడు మట్టి తెప్పిస్తే వారం తిరక్కుండా అయిపోయింది. వానకాలం విగ్రహం ఆరడానికి కుంపట్లలో వేసే బొగ్గు బస్తాలకు బస్తాలు కరిగిపోతోంది. ధూల్‌పేట్‌లో మట్టి దొంగలు పడ్డారని కొండల్ నిశ్చయించుకుని వీధి తలుపుకు పెద్ద తాళం తెచ్చాడు. మట్టిని ఎవడు ఎత్తుకుపోతాడని ఎల్లమ్మ నవ్వితే, ఇవాళ మట్టి, రేపు మనిషి అన్నాడు. ఒకనాడు భార్య పాదాల వైపు చూసేసరికి వెండి కడియాలు లేవు. ఎవరిదో పెళ్ళికి పెట్టుకోవడానికి ఎల్లమ్మ మనవరాలు అడిగిందని రుక్మాబాయి చెప్పింది. మనవరాలు కడియాలు పెట్టుకుని పారిపోతే ఎట్లా అని కొండల్ ఆ రోజంతా అన్నం సరిగ్గా తినలేదు.

బయానాలు తిరిగి ఇచ్చేద్దామని అతనికి అనిపించకపోలేదు. రెండుసార్లు నయాపూల్ దాకా పోయాడు. బాలకిషన్ దుకాణం ముందు నిలబడితే, ఇది ఇచ్చేశాక మిగతా ఇద్దరూ రాకపోతే అన్న ప్రశ్న ఎదురొచ్చేది. గజం గుడ్డ కొనుక్కుని తిరిగి వచ్చేసేవాడు. ఆ ఏడు రుక్మాబాయికి అవసరం లేకపోయినా రెండు రవికలు కుట్టించుకుంది. భర్తకు తన మీద ప్రేమ పెరిగిందని ఎల్లమ్మతో చెప్పుకుంది కూడా.

చవితి ముందురోజు పొద్దున్నే స్నానం చేసి రుక్మాబాయి గణపతికి కళ్ళు పెట్టింది. ఆ పని చేసేటప్పుడు ఇంట్లో ఎవరూ మాట్లాడరు. చివరి నలుపు చుక్క పడగానే మట్టి ముఖంలోకి జీవం వచ్చింది. కొండల్ ఎంత దిగులులో ఉన్నా చేతులు జోడించాడు. తాత కాలం తర్వాత ఆ ఇంట్లో అంత అందమైన ముఖం పుట్టలేదు. అది అతనికి తెలుసు, ఆ మాట నోటి దాకా వచ్చింది, కానీ చెప్పే ధైర్యం లేక మింగేశాడు. రుక్మాబాయి కాసిన్ని పూలు తెస్తానని రంగుల గిన్నెలు పట్టుకునే వెనక గల్లీకి పోయింది.

మిగిలింది కొండల్, గణపతి. శివయ్య ఆలస్యం చేస్తాడేమోనన్న భయంతో అతన్ని పొద్దున్నే రమ్మన్నాడు. అదే భయంతో బాలకిషన్‌నూ పొద్దున్నే రమ్మన్నాడు, మొగులయ్యనూ పొద్దున్నే రమ్మన్నాడు. జీవితంలో మొదటిసారి కొండల్ తన భయాలు నిజం కావాలని మొక్కుకున్నాడు. వాన కురవాలి, మూసీ పొంగాలి, సేటు బుద్ధి మారాలి. ఆకాశం చూస్తే మబ్బు తునక కూడా లేదు. ఆనాటి ఎండకు మూసీ ఇసుకలో బట్టలు ఆరేసుకోవచ్చు.

ముందు లారీ మోత వినిపించింది. ఆ వెనకే హమాలీల కేకలు. ఆ వెనక మర్ఫా డప్పులు, బర్రెబండి గంటలు మోగాయి. ఇరుకు గల్లీలో ముగ్గురి బళ్ళూ ముక్కుకు ముక్కు తగిలి ఆగాయి. కొండల్ తలుపుకు గడియ పెట్టి, గణపతి వెనక్కి పోయి గోడకూ దేవుడి వీపుకూ మధ్య నక్కాడు.

బయట మొదట మర్యాదలు బాగానే జరిగాయి. మీరు కూడా ఇక్కడే తీసుకుంటున్నారా అని శివయ్య అడిగాడు. అవునన్న బాలకిషన్ అతనికి పాన్ ఇచ్చాడు. మాది చాలా పెద్దదని ఒకరంటే, మాది కూడా పెద్దదేనని ఇంకొకరన్నారు. మొగులయ్య అందరికీ తలా గ్లాసు పాలు పోశాడు. ఇంతలో ఒకడు కిటికీలోంచి తొంగి చూసి, లోపల ఉన్నది ఒక్కటే కదా అన్నాడు.

ముగ్గురూ కిటికీ దగ్గర తలలు కలిపారు.

"చేతిల పానా ఉన్నది, మాదే" అన్నాడు శివయ్య.

"జర ఇటు చెయ్యి దేఖో భాయ్. గజం కట్టె. ఫిట్టర్లకు గజం కట్టె ఎందుకు?" అన్నాడు బాలకిషన్.

మొగులయ్య పాలచెంబు వైపు వేలు చూపించి, ఇంక చెప్పేదేముందన్నట్టు మీసం దువ్వాడు. తర్వాత మొదలైన లొల్లికి గల్లీలో ఉన్న జానెడు గణపతుల దుకాణాలన్నీ ఖాళీ అయ్యాయి, జనమంతా ఇక్కడే చేరారు. బయానా ఎవరు ముందు ఇచ్చారన్నది ఒక వాదన, ఎవరు ఎక్కువ ఇచ్చారన్నది ఇంకొకటి. మర్ఫావాళ్ళకు ఎవరి పక్షమో అర్థం కాక వాయిస్తూనే ఉన్నారు. కొండల్ పేరు పెట్టి పిలిస్తే జవాబు లేదు. తలుపు తోస్తే గడియ. లోపల మనిషికి ఏమైనా అయిందేమోనని శివయ్యకు అనుమానం వచ్చి, లొల్లి కాస్త కంగారుగా మారింది.

సరిగ్గా అప్పుడు ఇస్సాకు మేస్త్రి గడ్డపార భుజాన వేసుకుని వచ్చాడు. చవితి ముందురోజు పొద్దున గోడ తీయాలని రుక్మాబాయి అతనికి నెల కిందటే చెప్పి పెట్టింది. ఒప్పుకున్న పని వేళకు చేయడం, అక్కడి గొడవలో వేలు పెట్టకపోవడం ఇస్సాకు పద్ధతి. గుంపును పక్కకు జరగమన్నాడు. లోపల ఎవరైనా ఉన్నారా అని గోడను అడిగాడు. గోడ అవతల కొండల్ ఉన్నానని చెబితే జనానికి దొరుకుతాడు, చెప్పకపోతే గోడ కింద పడతాడు. రెండు భయాల్లో ఏది పెద్దదో తేల్చుకునే లోపల మొదటి దెబ్బ పడింది.

మట్టి గోడ, పాతది, ఎక్కువసేపు నిలవలేదు. తలుపు, గడియ, కొత్త తాళంతో సహా వీధి వైపుకు ఒరిగింది. దుమ్ము అణిగాక ఎండంతా వచ్చి గణపతి మీద పడింది. ఎవరో గణపతి మహరాజుకు జై అన్నారు, అందరూ అందుకున్నారు. జై జై అని అందరూ వంగి మొక్కుతుంటే, దేవుడి భుజం వెనక నుంచి నెత్తి నిండా దుమ్ముతో కొండల్ బయటికి వచ్చాడు. ఇంక దాక్కోవడానికి ఇంట్లో గోడ కూడా మిగల్లేదు.

"తప్పు నాదే. ముగ్గురి దగ్గర బయానా నేనే తీస్కున్న" అన్నాడు. "పైసలకు ఆశపడి కాదన్నా. ఒక్కరన్న వస్తరో రారో అని భయపడ్డ."

తిట్టడానికి నోరు తెరిచిన మొగులయ్య కూడా ఆ ముఖం చూసి ఆగిపోయాడు. మాట పోయినవాడికి ఆ గల్లీలో ఇంక పని లేదని కొండల్‌కు తెలుసు, వాళ్ళకూ తెలుసు. జానెడు గణపతులు కూడా ఇంక ఎవరూ అడగరు. అతనికి భార్య ముఖం గుర్తుకొచ్చి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆ ముఖం నిజంగానే వెనక వాకిట్లోంచి ఊడిపడింది. రుక్మాబాయి చేతులకు రంగు, బుగ్గన నలుపు, చీర చెంగు నడుముకు చుట్టి ఉంది. ముగ్గురినీ ఒక్కచోట చూసి ఆమె ముఖం విప్పారింది. మీ ఇద్దరికీ ఇప్పుడే కబురు పంపుదామనుకున్నా, మీరే వచ్చేశారా అని బాలకిషన్‌నూ మొగులయ్యనూ పలకరించింది. అక్కడ జరిగింది ఆమెకు తెలియదు. తర్వాత మొగుడి వైపు తిరిగి, తప్పు చేసినదానిలా గొంతు తగ్గించింది.

"కోపం చెయ్యనంటే ఒక ముచ్చట చెప్త."

"నేను గూడ ఒకటి చెప్పాలె" అన్నాడు కొండల్.

"నాది ముందు. నా ఎంబడి రా."

ఆమె వెనక గల్లీలోకి నడిచింది. కొండల్ నడిచాడు, అతని వెనక మూడు కమిటీలూ నడిచాయి. బర్రెల కొట్టం ముందు కొండల్ కాళ్ళు వాటంతట అవే ఆగాయి. రుక్మాబాయి చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. పాము లేదు. దాని జాగాలో ఇద్దరు గణపతులు కూర్చుని ఉన్నారు. ముందుగదిలో ఉన్నవాడంత ఎత్తు, అదే ముఖం. కళ్ళలో నలుపు ఇంకా తడిగా ఉంది. వాళ్ళ కాళ్ళ దగ్గర ఎల్లమ్మ కుంపటి ఆర్పుతోంది. కొట్టానికి ముందువైపు గోడే లేదు కాబట్టి వీళ్ళు బయటికి రావడానికి ఏ అడ్డూ లేదు.

అప్పుడు రుక్మాబాయి అంతా చెప్పింది. నయాపూల్ సేటు ఉట్టి చేతులతో పోవడం చూసి తను ఆగలేకపోయింది. అంత ఇష్టపడి వచ్చినవాడు, విగ్రహం ఉంటే మళ్ళీ రాడా అనుకుని కొట్టంలో ఒకటి మొదలుపెట్టింది. మొగులయ్య కూడా తిరిగిపోయాడని విన్నాక రెండోది మొదలుపెట్టింది. మట్టి ఇక్కడికే వచ్చింది, బొగ్గు ఇక్కడికే వచ్చింది, కడియాలు మార్వాడీ దగ్గర తాకట్టులో ఉన్నాయి. చెబితే నువ్వు భయపడతావని చెప్పలేదు, నువ్వు ఈ కొట్టంలోకి రావని నాకు ధైర్యం అని ముగించింది.

కొండల్ అక్కడే పేడ నేల మీద కూలబడ్డాడు. అతని బదులు శివయ్య మూడు బయానాల కథ చెప్పాడు. రుక్మాబాయి మొదట నమ్మలేదు. కలలో వచ్చిన గజం కట్టె, పాలచెంబు ఒక్కొక్కటే గుర్తొచ్చి ఆమె కళ్ళు పెద్దవయ్యాయి.

"ఒకదానికి ముగ్గురి దగ్గర ఎందుకు తీస్కున్నవయ్యా?"

"ఒక్కరన్న వస్తరని."

"ముగ్గురూ వస్తరని ఒక్కసారి గూడ అనిపియ్యలేదా?"

కొండల్ చాలా నిజాయితీగా ఆలోచించాడు. "అనిపియ్యలేదు" అన్నాడు.

రుక్మాబాయికి నవ్వు ఆగలేదు. ఆమె నవ్వితే ఎల్లమ్మ నవ్వింది, తర్వాత శివయ్య, చివరికి కొట్టమంతా నవ్వింది. కొండల్ కూడా నవ్వాడు, కాస్త ఆలస్యంగా. అతని భయం ముగ్గురు కొనేవాళ్ళను తెచ్చింది, ఆమె ధైర్యం ముగ్గురు గణపతులను చేసింది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని ఉంటే ఒక గణపతి, ఒక బేరం దగ్గరే ఆగిపోయేవాళ్ళు.

మిగిలిన తగాదా ఒక్కటే. మూడు సామాన్లూ పట్టుకున్న గణపతికే శక్తి ఎక్కువని ముగ్గురూ దాన్నే అడిగారు. రుక్మాబాయి నిచ్చెనెక్కి గజం కట్టె తీసి బాలకిషన్ గణపతికి పెట్టింది, పాలచెంబు తీసి మొగులయ్య గణపతికి పెట్టింది. ముందుగా బయానా ఇచ్చిన శివయ్యకు పానాతో పాటు ముందుగదిలో మొదట పుట్టిన పెద్దవాడు దక్కాడు. ఖాళీ అయిన చేతుల్లో పాత అంకుశం, పాత లడ్డు మళ్ళీ చేరాయి. ఇంత కాలానికి తన తిండి తనకు వచ్చినందుకో ఏమో, లారీ ఎక్కేటప్పుడు గణపతి ముఖం ఇంకా కళగా ఉందని ఎల్లమ్మ అంది. మూడు ఊరేగింపులకూ కలిపి మర్ఫా ఒక్కటే మోగింది.

సాయంత్రం ముందుగదిలో కూర్చుంటే గల్లీ మొత్తం కనిపిస్తోంది. ముందుగోడ లేదు, తలుపు లేదు. అప్పుడు దిగింది వాన, పొద్దున కొండల్ మొక్కుకున్న వాన. పైన పెంకుల సందుల్లోంచి, ముందు వీధిలోంచి ఒకేసారి లోపలికి వచ్చింది. గిన్నెలు పరచబోయిన రుక్మాబాయిని కొండల్ ఆపి, చేతిలో చాయ్ గ్లాసు పెట్టాడు. పొద్దున మింగేసిన మాట ఇప్పుడు చెప్పాడు. ఆ గణపతి ముఖం తాత చేసినదానికంటే మంచిగా వచ్చిందన్నాడు. ఆమె తడుస్తూనే చాయ్ తాగింది.

పది రోజుల్లో కడియాలు కాళ్ళకు వచ్చాయి, నెలలో ఇంటి మీదికి కొత్త పెంకులు వచ్చాయి. ఇస్సాకు మేస్త్రి గోడ కడుతూ ద్వారం ఎంత పెట్టాలని అడిగితే, కొండల్ ఈసారి భయపడలేదు. ఆ గణపతి కంటే మూరెడు ఎక్కువ పెట్టు, దాని కోసం కప్పు లేపాల్సి వస్తే లేపు అన్నాడు. అంత పెద్ద ద్వారం ధూల్‌పేట్‌లో ఇంకెవరికీ లేదు. వచ్చేపోయేవాళ్ళు ఆగి చూసేవాళ్ళు.

మరుసటి ఏడు రుక్మాబాయి చేసిన గణపతి ఆ ద్వారం కంటే జానెడు ఎత్తు వచ్చాడు. కొండల్ కిందికీ మీదికీ చూసి, చాయ్ పూర్తిగా తాగి, పోయి ఇస్సాకు మేస్త్రికి బయానా ఇచ్చి వచ్చాడు.